మేరీ ఆగదు

డ్వేన్ గొంతు మళ్ళీ అదే చోట విరిగింది.

చరణం దాకా బాగానే లాక్కొచ్చాడు. పల్లవి ఎత్తుకోవాల్సిన చోట తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, మైకు స్టాండుని మెడ నులుముతున్నట్టు పట్టుకుని నోరు తెరిచాడు. బయటికొచ్చింది పాట కాదు. నీళ్ళు రాని కుళాయి తిప్పితే వచ్చే చప్పుడు. విక్ గిటారు తీగల మీద అరచెయ్యి వేసి ఆపేశాడు. బేస్ గిటారు వాయించే లెన్ని చనిపోయాడు, వాడి బదులు వాయిస్తున్నది గస్ వెళ్ళే పళ్ళ డాక్టరు. ఆయన ఇంకాస్త దూరం ఒంటరిగా వెళ్ళి, వెనక ఎవరూ రావడం లేదని గమనించి ఆగాడు. గస్ ఒక్కడే ఆగలేదు. డ్రమ్స్ ముందు కూర్చున్నాక వాడి కుడికాలు వాడి మాటే వినదు. పెద్ద డ్రమ్ము మీద ధన్, ధన్, ధన్ అని పడుతూనే ఉంటుంది. భూకంపం వచ్చినా ఆ కాలు తాళం తప్పదని లెన్ని బతికున్నన్నాళ్ళూ ఏడిపించేవాడు.

"ఎల్లుండే" అన్నాడు విక్, గోడతో చెప్పుకుంటున్నట్టు.

ఎల్లుండి శనివారం. కనోగా పార్కు అనే పేటలో ఒక బార్లో, ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళ బృందం టిన్ డాలియా మళ్ళీ స్టేజీ ఎక్కుతోంది. అదీ మధ్యాహ్నం నాలుగింటికి. రాత్రి ఆటంటే వచ్చే అభిమానుల్లో సగం మంది నిద్రకి ఆగలేరని బారు యజమాని ముందే తేల్చేశాడు. ఒక్క ఆల్బం కూడా రాని బృందం, రేడియోలో ఒక్కసారైనా మోగని బృందం. వాళ్ళ డెమో క్యాసెట్టు ఎలాగో సముద్రం దాటి ఒసాకాలో మొరియామా అనే మనిషి చేతిలో పడింది. ఆయనకో చిన్న రికార్డు కంపెనీ ఉంది. ఎవరూ పట్టించుకోకుండా పోయిన బృందాల పాటలు ఏరుకొచ్చి వెయ్యడమే ఆయన పని. ఆ క్యాసెట్టుని రికార్డుగా తెస్తానన్నాడు. ఆట చూడ్డానికి విమానమెక్కి వచ్చి మోటెల్లో దిగాడు కూడా. సోమవారం రికార్డు అట్ట అచ్చుకి వెళ్తుంది.

రొండా గ్యారేజీ మూల పనిబల్ల దగ్గర కూర్చుని డ్వేన్ తలకట్టు కుడుతోంది. ఎర్ర రుమాలు లోపలి అంచుకి బంగారు రంగు వెంట్రుకల పట్టీ ఆనించి, దగ్గర దగ్గరగా ముడికుట్టు వేస్తోంది. రుమాలు నుదుటి మీద బిగించి వెనక ముడేస్తే చాలు, డ్వేన్ బట్టతల పోయి భుజాల దాకా జుట్టు దిగుతుంది. దారం పంటితో తెంపి తలెత్తేసరికి నలుగురూ ఆమెనే చూస్తున్నారు.

ఎందుకు చూస్తున్నారో ఆమెకి తెలుసు. క్యాసెట్టులో "మేరీ ఆగదు" పాట పల్లవిలో, ఆ పైకి లేచే గొంతు డ్వేన్‌ది కాదు. ఆ రోజుల్లో సన్‌సెట్ వీధి క్లబ్బుల్లో వాయించే బృందాల్లో చాలావాటికి ఒక తెర మనిషి ఉండేవాడు. కీబోర్డు వాయించేవాణ్ణీ, పై గొంతు అందుకునేవాణ్ణీ స్టేజీ మీద నల్ల తెర వెనక దాచేవాళ్ళు. ముందు నలుగురు మగాళ్ళు, బిగుతు ప్యాంట్లు, గిటార్లు. కీబోర్డు కనిపిస్తే మగాళ్ళ పరువు పోతుందని భయం. లిప్‌స్టిక్కు పూసుకుంటే పోని పరువు కీబోర్డుతో పోయేదన్నమాట. టిన్ డాలియాకి తెర మనిషి రొండా.

"తెర కట్టేద్దాం" అన్నాడు డ్వేన్. "అప్పటిలాగే. ఒక్క పాటే కదమ్మా రొండా. కాకపోతే ఈసారి స్విచ్చు జోలికి మాత్రం పోకు."

విక్ నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. పళ్ళ డాక్టరుకి సంగతేంటో తెలియదు, మర్యాదకి తనూ నవ్వాడు.

అది వాళ్ళ బృందంలో పాత హాస్యం. ఎనభై ఎనిమిదిలో ఒక పెద్ద రికార్డు కంపెనీ మనిషి వీళ్ళని చూడ్డానికే వచ్చిన రోజు, సరిగ్గా ఈ పల్లవి మధ్యలో తెర వెనక కరెంటు పోయింది. డ్వేన్ నోరు తెరిచే ఉంది, గొంతు లేదు. జనం ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత పగలబడి నవ్వారు. కంపెనీ మనిషి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తీరా చూస్తే కీబోర్డుకీ మైకుకీ కరెంటిచ్చే ఎక్స్‌టెన్షన్ పెట్టె స్విచ్చు ఎవరో ఆపేశారు. తెర వెనక ఉన్నది రొండా ఒక్కతే. నన్నూ ముందు నిలబెట్టమని ఆ మధ్యాహ్నమే డ్వేన్‌తో పోట్లాడి ఏడ్చింది కూడా. ఇంక ఎవరికి సాక్ష్యం కావాలి?

"రొండా ఆపలేదు" అన్నాడు గస్, డ్రమ్ము పుల్లలు తొడ మీద పెట్టుకుని.

ఎప్పుడూ అనే మాటే, ఎప్పుడూ అనే గొంతుతోనే. పెళ్ళికి ముందూ అన్నాడు, తర్వాతా అన్నాడు. తనని నమ్మిన మనిషి భూమ్మీద ఒక్కడే కనిపించాడు కాబట్టే రొండా వాణ్ణి చేసుకుంది.

ఆమె లేచి వెళ్ళి, తలకట్టు డ్వేన్ నెత్తిన పెట్టి వెనక గట్టిగా ముడి బిగించింది. కాస్త ఎక్కువే బిగించింది. వాడు అబ్బా అన్నాడు. కాదు పొమ్మని చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆ పాట మళ్ళీ పాడాలని ఎన్నేళ్ళుగా ఎంత ఆకలితో ఉందో ఆమెకి మాత్రమే తెలుసు. పాడతానంది.

*

మర్నాడు పొద్దున్నే మొరియామా సెలూన్‌కి వచ్చాడు.

డోనట్ల కొట్టు పక్కన రెండు కుర్చీల సెలూన్ రొండాది. మొరియామా యాభై దాటిన మనిషి, నాజూకైన కళ్ళజోడు, తనే అచ్చేయించుకున్న టిన్ డాలియా చొక్కా. గుమ్మంలోనే నడుము వంచి నమస్కారం చేసి, సంచీలోంచి పాత పోస్టరు తీసి కౌంటరు మీద పరిచాడు. దాంట్లో విక్ జుట్టు మీద వేలు పెట్టి, రేపటికి తనకి ఇదే కావాలన్నాడు. బళ్ళో చదివే రోజుల్లో అడిగితే వాళ్ళమ్మ కత్తెర పట్టుకుని వెంటపడిందట. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు, కానీ జుట్టూ సగమే ఉంది. ఆ సగంతోనే ఎంతవస్తే అంత చెయ్యమన్నాడు.

రొండాకి నవ్వొచ్చింది, చేతులు మాత్రం అప్పటికే పాయలు విడదీస్తున్నాయి. ఒక్కో పాయని కొస పట్టుకుని నిటారుగా లేపి, సన్న దువ్వెనతో పైనుంచి కుదుళ్ళ వైపు వెనక్కి దువ్వింది. దువ్విన చోటల్లా జుట్టు చిక్కుపడి గుబురుగా లేచింది. కుదుట్లో స్ప్రే కొట్టి, మళ్ళీ దువ్వి, మళ్ళీ కొట్టింది. తర్వాత తల మోకాళ్ళ మధ్యకి వంచమంది. తలకిందులుగా ఉండగానే వేడిగాలి పట్టాలి. చల్లారేదాకా తల ఎత్తకూడదు. ఎత్తితే వానలో తడిసిన కోడిలా అయిపోతుంది. అప్పట్లో నలుగురు మగాళ్ళు వ్యాను వెనక వరసగా వంగి నిలబడి ఉంటే, తను ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో దువ్వెనతో అటూ ఇటూ పరిగెత్తేది. ఆ సమయంలో ఎవడైనా సిగరెట్టు ముట్టిస్తే వీధి మొత్తం లేచిపోయేదని మొరియామాకి చెప్పింది.

అడగనక్కర్లేకుండానే ఆమె చెప్పుకుపోయింది. ఈత దుస్తుల కంపెనీ పారేసిన గుడ్డ ముక్కలు తెచ్చి ప్యాంట్లు కుట్టడం. డ్వేన్ ప్యాంటు వెనక కుట్టు విడిపోతే ఆటంతా వాడు జనం వైపే తిరిగి, పీతలా పక్కకి నడుస్తూ పాడడం. అది కొత్త స్టయిలనుకుని పై వారం ఇంకో బృందం వాడు కూడా పీతలా నడవడం. సన్‌సెట్ పొడుగునా కరెంటు స్తంభాలకి పోస్టర్లు కొట్టుకుంటూ పోతే, వెనకాలే ఇంకో బృందం వాళ్ళు వీళ్ళ పోస్టరు మీద తమది కొట్టుకుంటూ రావడం. ఆ తగాదాలో లెన్ని స్టేప్లరుతో బొటనవేలు కుట్టుకుని, ఆ వేలితోనే వాయించి, రక్తమంతా బేస్ మీద కారుతుంటే ముందు వరస అమ్మాయిలు అది కూడా ఆటలో భాగమని చప్పట్లు కొట్టడం.

రెండో కుర్చీలో రంగు ఆరబెట్టుకుంటున్న మిసెస్ డెలూకా ఇదంతా విని మూతి తిప్పింది. ఆడపిల్లల్లా ముస్తాబై తిరిగే ఆ వెధవలేనా, ఆ పిచ్చి దానంతటదే వదిలింది, మంచిదైంది అంది.

"మేం ఓడిపోయాం మిసెస్ డెలూకా" అంది రొండా, దువ్వెన ఆపకుండా. "బాగాలేక ఓడిపోలేదు. ఆ రెండింటికీ తేడా ఉంది. తల ఇటు తిప్పండి, రంగు చెవి మీదికి కారుతోంది."

మొరియామా తలకిందులుగానే నవ్వాడు. వేడిగాలి యంత్రం ఆగాక, మోకాళ్ళ మధ్యనుంచే మెల్లగా మొదలుపెట్టాడు. అట్ట లోపలి పేజీలో బృందం కథ రాస్తున్నాడట. ఒసాకాలో ఈ పాట తెలిసినవాళ్ళు కొద్దిమందే, కానీ ఆ పై గొంతు ఎవరిదని వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుచస్తున్నారు. అది మగగొంతు కాదని తనకి మొదటిసారి విన్నప్పుడే తెలుసు. నిన్న రాత్రి మోటెల్లో కలిసినప్పుడు డ్వేన్ కూడా ఒప్పుకున్నాడు. దానితోపాటు స్విచ్చు సంగతీ చెప్పాడు.

"ఆ గొంతు పేరు అట్ట మీద వెయ్యాలని నా కోరిక రొండా గారూ. కానీ అలా అయితే ఒకే పేరు రెండు చోట్ల వెయ్యాలి. పాడింది రొండా. ముంచింది రొండా. మీరు కాదంటే చెప్పండి, కాదనే రాస్తాను. మరి ఎవరు అని చదివేవాళ్ళు అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు."

రొండా దువ్వెన కౌంటరు మీద పెట్టింది. నేను కాదు అనడం ఆమెకి కొత్త కాదు. అమ్మ అడిగితే చెప్పింది. విక్ అడిగితే చెప్పింది. లెన్ని ఆసుపత్రి మంచం మీంచి, ఇప్పటికైనా నిజం చెప్పవే, ఏమీ అనుకోను అంటే వాడి చెయ్యి పట్టుకుని చెప్పింది. నమ్మాడో లేదో తెలియకుండానే వాడు పోయాడు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు చదువుకునేలా అచ్చులో పడబోతోంది. ఆమె పాడిన ఒకే ఒక్క పాట బతికున్నంతకాలం ఆ మచ్చ దాని వెంటే తిరుగుతుంది.

మొరియామా తల ఎత్తకుండానే సంచీ తడిమి ఒక చిన్న ప్లేయరూ చెవులకి పెట్టుకునేవీ తీసి అందించాడు. ఆ రాత్రి క్లబ్బువాళ్ళు రికార్డు చేసిన రీలు విక్ ఇంటి అటక మీద దొరికిందట. టేపు జిగురు కారి అతుక్కుపోతే, సన్నటి సెగ మీద ఆరబెట్టి బాగుచేయించాడు. చివర్లో పాట పాడయింది కాబట్టి ఎవరూ విని ఉండరు, మీరైనా వినండన్నాడు.

రొండా విన్నది.

మొదటిసారి తన గొంతు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఎంత చిన్నపిల్ల గొంతు. ఎంత పొగరు. కొండెక్కి రాయి విసిరినట్టు పైకి లేచింది, టప్ మని ఒక చిన్న చప్పుడు, అంతే. తర్వాత విక్ గిటారు దారి తప్పి తడబడింది. జనం నవ్వు లేచింది.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఈసారి పాటని విన్నది. తెర వెనక ఆమెకి ఎవరూ కనిపించేవాళ్ళు కాదు. నల్లగుడ్డకి అవతల గస్ వాయించే పెద్ద డ్రమ్ము దెబ్బ స్టేజీ చెక్కల గుండా పాదాలకి తగిలేది. దాన్ని పట్టుకునే ఊపిరి తీసేది, వదిలేది. ఇప్పుడు సెలూన్ గచ్చు మీద నిలబడి కూడా దాన్నే పట్టుకుంది. ధన్, ధన్, ధన్. పల్లవి. గొంతు లేచింది. ధన్, ధన్...

ఆమె ఊపిరి మధ్యలో ఇరుక్కుంది.

మూడోసారి కళ్ళు మూసుకుని విన్నది. అనుమానం లేదు. చేతులు వాయిస్తూనే ఉన్నాయి, పైన తాళాలు మోగుతూనే ఉన్నాయి. కింద పెద్ద డ్రమ్ము ఆగింది. ఆ ఖాళీలోనే టప్ మని చప్పుడు. ఆమె గొంతు చచ్చిపోయింది. వెంటనే ధన్, ధన్, ధన్. ఏమీ జరగనట్టు.

భూకంపం వచ్చినా ఆగని కాలు.

ఎక్స్‌టెన్షన్ పెట్టె ఎక్కడుండేది? తెరకీ డ్రమ్స్ గద్దెకీ మధ్య, గస్ ముక్కాలి పీట పక్కన, కుడివైపు. డ్రమ్ములకి కరెంటు అక్కర్లేదు. అందుకే ఎవరూ అటు చూడలేదు.

"రొండా గారూ" అన్నాడు మొరియామా కిందనుంచి. "ఇక లేవచ్చునా?"

ఆమె అతని భుజం పట్టుకుని లేపి అద్దం వైపు తిప్పింది. జుట్టు లేచి నిలబడింది, సింహం జూలులా కాకపోయినా, సింహం చుట్టంలా ఉంది. మొరియామా తనని తాను చూసుకుంటూ ఉండిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మీ ప్రశ్నకి రేపు జవాబు చెప్తానని రొండా అంది. తన గొంతు మామూలుగానే ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

*

ఆ సాయంత్రం గస్ టాకోలు తెచ్చాడు. తింటూ రేపటి పాటల వరస గురించి ఏదో చెబుతున్నాడు. రొండా బల్ల కింద వాడి కుడికాలి చప్పుడు విన్నది. మడమ లేస్తోంది, పడుతోంది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు పక్కనే తిన్నది, పడుకుంది. లోకంలో ప్రతివాడూ ఆమెని ఒక్కసారైనా అడిగాడు, నువ్వే చేశావా అని. గస్ ఒక్కడే అడగలేదు. అదే ప్రేమ అనుకుంది. అడగనివాడికి జవాబు ముందే తెలిసి ఉండొచ్చన్న ఆలోచన ఒక్క పూటయినా రాలేదు.

శనివారం మధ్యాహ్నం వ్యానులోకి డ్రమ్ములు ఎక్కిస్తున్నప్పుడు అడిగింది. పెద్ద డ్రమ్ము వాడి రెండు చేతుల మధ్య ఉంది.

"నన్ను నువ్వెప్పుడూ ఎందుకు అడగలేదు గస్?"

"ఏమని?"

"స్విచ్చు ఆపావా అని."

వాడు డ్రమ్ముని మెల్లగా నేల మీద దించాడు. దించాక దాని మీద లేని దుమ్ము తుడిచాడు. ఎదురింటి నీళ్ళ గొట్టం వైపు చూశాడు. రొండా సాయం చెయ్యలేదు, ఊరికే నిలబడింది.

"నువ్వు బయటికొస్తావనుకున్నాను" అన్నాడు చివరికి.

మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ మధ్యాహ్నం వ్యానులో ఆమె ఏడ్చిన ఏడుపు వాడికి మింగుడుపడలేదు. డ్వేన్ ఒప్పుకోడు. రొండా ఎదురు తిరగదు. తెర వెనక మైకు చచ్చిపోతే ఇంక దారుండదు, పరిగెత్తుకొచ్చి లెన్ని మైకు లాక్కుని పాడుతుంది, ఆ కంపెనీ మనిషి కళ్ళారా చూస్తాడు అనుకున్నాడు. లెన్ని మైకు అక్కడే ఉంది, ఖాళీగా ఉంది. పెడలు మీంచి కాలు తీసి స్విచ్చు మీద వేశాడు.

"నీకూ ఆ మైకుకీ మధ్య ఒక్క గుడ్డే ఉంది రో. నువ్వు రాలేదు."

ఆ మాట నిజమే, అందుకే తగలాల్సిన చోట తగిలింది. ఏం జరిగినా తెర దాటొద్దని డ్వేన్ చెప్పాడు. ఆమె దాటలేదు. చచ్చిన మైకు చేతిలో పట్టుకుని, జనం నవ్వు ఆగేదాకా చీకట్లో బొమ్మలా నిలబడింది. దానికి ఆమె తనని తాను ఏనాడూ క్షమించుకోలేదు. కానీ ఆ లెక్క ఆమెకీ ఆమెకీ మధ్యది.

"సరే, నా కోసమే చేశావు. నన్ను అడక్కుండా చేశావు, అదీ పోనీ. చిన్నవాళ్ళం" అంది. "ఆ తర్వాత నోరు మూసుకున్నావు చూడు. అది ఎవరి కోసం?"

గస్ వంగి డ్రమ్ము అంచు పట్టుకున్నాడు. తెల్లారి చెబుదామనుకున్నాడట. తెల్లారేసరికి బృందమే లేదు. తర్వాత ఆమె పెళ్ళికి ఒప్పుకుంది. ఇంక చెబితే ఆమె కూడా ఉండదేమోనని భయమేసింది. అలా భయపడుతూనే జుట్టు నెరిసింది. చివరికి పెద్ద డ్రమ్ము ఎత్తి వ్యానులో పెట్టి, ఇవాళ అందరి ముందూ తనే చెబుతానన్నాడు. తన నోటితోనే చెప్పనిమ్మని అడిగాడు.

"చెప్పు" అంది రొండా. "నీ నోటితో నువ్వే చెబితే నాకూ మేలే."

*

డ్వేన్ అన్నంత పనీ చేశాడు. బారు స్టేజీ వెనక దండెం కట్టి నల్ల దుప్పటి వేలాడదీశాడు. దాని వెనక ఒక స్టూలు, ఒక మైకు. రొండా ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుంది.

జనం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. బట్టతలలు, బొజ్జలు, మోకాలికి పట్టీలు. అప్పటి తోలు జాకెట్లు వేసుకొచ్చారు, జిప్పులు మాత్రం పైకి లాగలేకపోయారు. ముందు వరసలో మొరియామా. అతని జుట్టు వెనకవాళ్ళకి అడ్డమొస్తోందని ఎవరో గొణిగారు. బారు యజమాని కౌంటరు వెనకనుంచి, తాతలూ, ప్యాంట్లు జాగ్రత్త అని కేకేశాడు. విక్ దానికి గిటారుతోనే బదులిచ్చాడు. ఆ మొదటి దెబ్బకి గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆ తర్వాత ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

కింది శ్రుతిలో డ్వేన్ ఇంకా మంచి పాటగాడే. నాలుగు పాటలు ఎక్కడా తడబడకుండా నిలబెట్టాడు. ప్రతి పాటా జనానికి నోటికొచ్చు. ఎక్కడా అమ్మని పాటలు, ఏ కొట్లోనూ దొరకని పాటలు. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకి ఎక్కించుకుని, అరిగిపోయేదాకా విని, మళ్ళీ ఎవరి దగ్గరో ఎక్కించుకుని దాచుకున్నవాళ్ళు వీళ్ళు. దుప్పటి వెనక కూర్చుని వాళ్ళ గొంతులు వింటుంటే రొండా గుండె నిండిపోయింది. మనం బాగా వాయించేవాళ్ళం, అనుకుంది. నేను చెప్పలా.

"మేరీ ఆగదు" మొదలైంది. స్టేజీ చెక్కల గుండా ధన్, ధన్, ధన్ అని పాదాలకి తగిలింది. చరణం అయింది. డ్వేన్ తల వెనక్కి వాల్చాడు, కళ్ళు మూసుకున్నాడు, నోరు తెరిచాడు.

రొండా స్టూలు మీంచి లేచి, మైకు చేత్తో పట్టుకుని, ఎడం చేత్తో దుప్పటి పక్కకి నెట్టి ముందుకి నడుస్తూ ఎత్తుకుంది.

అది రీలులోని చిన్నపిల్ల గొంతు కాదు. అడుగున ఇసుక ఉంది, అంచుల్లో గీతలున్నాయి. అయినా వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. వెళ్ళి, దిగకుండా అక్కడే నిలబడింది. డ్వేన్ కళ్ళు తెరిచి పక్కన ఆమెని చూసి, నోరు మూసుకోవడం మర్చిపోయాడు. జనంలో ఒకావిడ రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. మొరియామా కదల్లేదు. విక్ మాత్రం ముసలి మొహమంతా నవ్వుతో దగ్గరకొచ్చి, ఆమె పక్కనే నిలబడి మిగతా పాటంతా ఆమె కోసమే వాయించాడు. రెండో పల్లవి కూడా ఆమే పాడింది. మూడోది జనం పాడారు.

చప్పట్లు చాలాసేపటికిగానీ ఆగలేదు. పరువు కాపాడుకోవాలి కదా, డ్వేన్ ముందుకొచ్చి ఆమె భుజం మీద చెయ్యేసి మైకు అందుకున్నాడు.

"ఈవిడే మన రొండా. అప్పట్లో మమ్మల్ని ఆర్పేసింది. ఇవాళ దయతలచి వెలిగించింది."

కథ తెలిసినవాళ్ళు గొల్లుమన్నారు. స్విచ్చులన్నీ దాచెయ్యండ్రా అని వెనకనుంచి ఒకడు అరిచాడు. ఇంకొకడు ఊళ వేశాడు. నవ్వు గోడలకి తగిలి తిరిగొచ్చింది. అదే నవ్వు, ముప్పై ఏళ్ళ కిందటిది, ఇప్పుడు ఎదురుగా, వెలుతుర్లో.

రొండా వాళ్ళ వైపు చూడలేదు. వెనక్కి తిరిగి గస్‌ని చూసింది. వాడి నోటి ముందు కూడా ఒక మైకుంది. అది పనిచేస్తోంది. వాడి పెదవులు విడివడ్డాయి. ఆమె తల ఊపింది, చెప్పమన్నట్టు. వాడు డ్వేన్‌ని చూశాడు, విక్‌ని చూశాడు, ముందున్న మొహాలన్నీ చూశాడు. పెదవులు మూతపడ్డాయి. తల దించుకున్నాడు. దించుకుని, పెడలు మీద కాలు వేశాడు.

ధన్, ధన్, ధన్. తర్వాతి పాట.

విక్‌కి అర్థం కాకపోయినా చెయ్యి తీగల మీదికి వెళ్ళింది. పళ్ళ డాక్టరు అందుకున్నాడు. అలా సాగనిస్తే ఆ నిజం అక్కడితో పూడిపోతుంది. పాట మీద పాట, సోమవారం అచ్చు, ఆ తర్వాత మిగతా జీవితం.

రొండా డ్రమ్స్ గద్దె దగ్గరికి నడిచి వెళ్ళింది. పెద్ద డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించింది. ఇంకో దెబ్బ ఆమె చేతికి తగిలింది. ఇంకొకటి, చిన్నది. తర్వాత ఆ కాలు ఆగింది.

విక్, పళ్ళ డాక్టరు కూడా వాయించడం ఆపేశారు. గస్ కళ్ళు ఎత్తి ఆమెని చూశాడు. వద్దని అడగలేదు. అడిగే ముఖం లేదు వాడికి.

ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ముందు వరసలో మొరియామా వైపు తిరిగింది.

"నిన్న మీరు ఒక ప్రశ్న అడిగారు. జవాబు అట్ట మీద అచ్చంగా ఇలాగే వెయ్యండి. ఈ పాట పాడింది రొండా. ఆ రోజు కుడికాలితో స్విచ్చు ఆపింది ఇదిగో, ఇక్కడ కూర్చున్న నా మొగుడు. గస్ ఓస్టర్‌మన్."